మాట్లాడని కుర్రాడు, అల్ వత్బా బాతులు

నేను రాసి చాలా రోజులైంది. స్లాబుల పని ఒత్తిడి, తీరిక దొరకలేదు. ఈరోజు రాసేది జీతాల గురించి కాదు, వీసాల గురించి కాదు. బాతుల గురించి. నవ్వకండి. మొత్తం చదివితే ఎందుకు రాశానో మీకే తెలుస్తుంది.

మా గ్యాంగులో ఒక కుర్రాడున్నాడు. పేరు రాయను, వాడికి ఇబ్బంది. 23 ఏళ్ళు. మా టెక్కలి వైపే, నౌపడ దగ్గర ఊరు. అప్పటికి వచ్చి ఐదు నెలలు. స్టీల్ ఫిక్సర్ హెల్పరు. ఏజెంటుకి కట్టడానికి తెచ్చిన అప్పు సగం కూడా తీరలేదు. నేర్చుకునే రకం. బైండింగ్ వైరు మెలి తిప్పడంలో చెయ్యి అప్పుడే కుదిరింది.

కార్తీక మాసం మొదట్లో వాళ్ళ నాన్న పోయాడు. గుండె ఆగిపోయిందట. డ్యూటీ దిగి బస్సులో క్యాంపుకి వస్తుంటే ఫోనొచ్చింది. నేను ఆఫీసులో అడిగాను. ఆరు నెలలు నిండకుండా సెలవు లేదన్నారు. వెళ్తే సొంత టికెట్టు మీద వెళ్ళాలి, మళ్ళీ తీసుకుంటామని మాట ఇవ్వలేం అన్నారు. అప్పు తలుచుకుని వాడే ఆగిపోయాడు.

దహనం వీడియో కాల్‌లో చూశాడు. ఇది చదివేవాళ్ళలో ఎంతమంది ఇలా చూశారో నాకు తెలుసు, కాబట్టి ఎక్కువ చెప్పను. వాడికి బదులు చిన్నాన్న కొడుకు తలకొరివి పెట్టాడు. అక్కడ సిగ్నల్ సరిగా లేదు. చితి అంటుకున్నాక ఫోనులో బొమ్మ నిలిచిపోయింది. మళ్ళీ రాలేదు.

మూడో రోజు డ్యూటీకి వచ్చాడు. పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో పది మంది ముందు నేనొక మాటన్నాను. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను. "అందరి నాన్నలూ పోతారు రా. మా నాన్న పోయినప్పుడు నేనూ వెళ్ళలేదు. ఏడిస్తే అప్పు తీరదు. పని చూసుకో" అన్నాను. వాడు తలూపాడు.

ఆ రోజు నుంచి వాడు మాట్లాడడం మానేశాడు. అడిగితే తలూపుతాడు, అంతే. పది రోజులు ఇలాగే గడిచాయి. అన్నం ప్లేటు ముందు పెట్టుకుని కూర్చుంటాడు, సగం పారేస్తాడు. రాత్రి మంచం మీద పడుకుని ఫోను ఆపేసి పైమంచం చెక్క వైపు చూస్తుంటాడని రూములో వాళ్ళు చెప్పారు. వాడి వెనకాల ఏదో ఒక రోజు సరిపోతుందిలే అనుకున్నాం అందరం.

ఒక గురువారం ఎనిమిదో అంతస్తు అంచున కాలమ్ స్టీలు కడుతున్నాడు. నేను కింద నుంచి మెట్లెక్కి వచ్చేసరికి నడుముకి బెల్టు ఉంది, కొక్కెం మాత్రం తాడుకి తగిలించలేదు. చేతిలో ఊరికే వేలాడుతోంది. పేరు పెట్టి పిలిచాను. నా వైపు తిరిగాడు గానీ, తను ఎక్కడున్నాడో తనకే తెలియనట్టు చూశాడు. దగ్గరికి నడిచి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. వాడి చెయ్యి మామూలుగానే ఉంది. వణికింది నాదే.

ఈ దేశంలో 19 ఏళ్ళుగా పని చేస్తున్నాను. ఎవడు పడతాడో చూస్తే కొంచెం తెలుస్తుంది. తల తిరిగేవాడు ముందే చెప్పి దిగిపోతాడు. ఒళ్ళు ఇక్కడ, మనసు ఇంటి దగ్గర ఉన్నవాడే పడతాడు.

రూలు ప్రకారం నేను అది కాగితం మీద రాయాలి. రాస్తే వాడిని పనికి పనికిరాడని ఇంటికి పంపేయొచ్చు. అప్పు అప్పులా ఉంటుంది. రాయకపోతే, రేపు ఏదన్నా జరిగితే, వాళ్ళమ్మకి ఫోను చెయ్యాల్సింది నేనే. ఆ రోజుకి వాడిని కింద రాడ్లు వంచే యార్డులోకి మార్చి, ఆలోచించుకోవడానికి రెండు రోజులు తీసుకున్నాను. శుక్రవారం కాంక్రీటు పూర్తయింది, శనివారం మా గ్యాంగుకి సెలవు.

అప్పుడు మా రూము ఎలక్ట్రీషియన్ అన్నాడు. "అన్నా, అల్ వత్బాలో చెరువుంది. మీ తేలినీలాపురంలా పక్షులుంటాయి. వాడిని తీసుకెళ్దాం, నా దోస్తు కారుంది." నాకు పక్షుల మీద పెద్ద ఆసక్తి లేదు. కానీ వాడిని ఆ నాలుగు గోడల మధ్య ఇంకో సెలవు రోజు వదలాలనిపించలేదు. "రా రా, బయటికి పోదాం" అన్నాను. సూపర్‌వైజర్ రమ్మన్నాడు కాబట్టి వచ్చాడు, అంతే.

నవంబరు నెల. పొద్దున లేచి చూస్తే ముసఫ్ఫా అంతా మంచు. ఎదుటి బ్లాకు కనపడలేదు. గల్ఫుకి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళు ఎడారిలో మంచేంటని ఆశ్చర్యపోతారు. ఎండాకాలం పోయాక రాత్రిళ్ళు నేల త్వరగా చల్లబడుతుంది. సముద్రం మీద నుంచి వచ్చిన తేమ గాలి ఆ చల్లటి నేల మీద పొగలా నిలిచిపోతుంది. ఎండెక్కితే కరిగిపోతుంది. సైటులో మంచంటే మాకు తలనొప్పి. క్రేన్ ఆపరేటరుకి కింద కొక్కెం కనపడదు, సైగ చేసే మనిషి కనపడడు, లిఫ్టింగు ఆపెయ్యాలి. రోడ్డు మీద మరీ ప్రమాదం. అబుదాబిలో మంచు పడితే వేగం 80కి తగ్గించమని బోర్డుల మీద వస్తుంది. ఆ రోజు మేము 80 కూడా పోలేదు. ముందు లారీ ఎర్ర లైట్లు చూసుకుంటూ మెల్లగా వెళ్ళాం. వాడు కిటికీ అద్దానికి తల ఆనించి కూర్చున్నాడు.

అల్ వత్బా గురించి రెండు ముక్కలు చెప్తాను, పిల్లలకి చెప్పడానికి పనికొస్తుంది. నగరం నుంచి సుమారు 40 కిలోమీటర్లు, లోపలి వైపు. నగరం వాడి వదిలేసిన నీళ్ళని శుద్ధి చేసి వదిలితే, ఆ ఉప్పు నేలలో ఈ చెరువు నిలబడింది. అంటే మన క్యాంపుల్లో స్నానాలు చేసిన నీళ్ళ చుక్కలు కూడా అందులో ఉండే ఉంటాయి. 1998లో రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, ఇక్కడ గూళ్ళు పెట్టి పిల్లల్ని చేశాయి. ఆ ఏడాదే షేక్ జాయెద్ గారు దీన్ని కాపాడాల్సిన చోటుగా ప్రకటించారు. 2013లో రామ్‌సర్ జాబితాలోకి వచ్చింది. మన కొల్లేరు ఆ జాబితాలోకి 2002లోనే ఎక్కింది. మనిషి మురికి అని వదిలేసిన నీళ్ళని కొంచెం శుభ్రం చేసి, ఆ చోటు జోలికి పోకుండా ఉంటే, అంత పని జరిగింది.

లోపల నడక దారి ఉంది. మంచులో పది అడుగుల ముందు ఏముందో తెలియలేదు. నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో, ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తేడా లేదు. అంతా సున్నం కొట్టిన గోడలా ఉంది. కానీ చప్పుళ్ళున్నాయి. నీళ్ళలో ఏదో జల్లెడ పట్టినట్టు చప్పుడు. ఈల లాంటి చిన్న కూత. రెక్కలు కొట్టిన చప్పుడు. మేము ముగ్గురం నిలబడి వింటున్నాం.

అప్పుడు వాడు నోరు తెరిచాడు. పది రోజుల తర్వాత మొదటి మాట.

"పరజలు."

"ఏటి?" అన్నాను.

"పరజలు చిన్నానా. కూత వినలేదేటి? మా తంపరలో కూడా ఇలాగే కూస్తాయి."

తంపర అంటే తెలియనివాళ్ళకి, మా శ్రీకాకుళంలో నీళ్ళు నిలిచే పల్లపు భూముల్ని తంపర అంటాం. నౌపడ వైపు తంపర ఉంది, ఉప్పు మడులున్నాయి. వాళ్ళ నాన్న ఆ ఉప్పు మడుల్లో కూలి. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఐదు నెలలు నా కింద పని చేశాడు, వాడి పాస్‌పోర్టు నంబరు నా దగ్గరుంది, వాళ్ళ నాన్న ఏం పని చేసేవాడో నేను ఎప్పుడూ అడగలేదు.

కొంచెం సేపటికి మంచు పైకి లేవడం మొదలైంది. ముందు నీళ్ళ అంచు కనపడింది, తర్వాత ఒక్కొక్కటే నల్ల చుక్కలు. ఆ చుక్కలే బాతులయ్యాయి. అక్కడ ఒక మలయాళీ పెద్దమనిషి బైనాక్యులర్‌తో నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి, అడక్కుండానే బైనాక్యులర్ ఇచ్చి, హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన చెప్పినవి కొన్ని రాస్తాను.

అన్నిటికన్నా చిన్న బాతులు, మా వాడు పరజలన్నవి, మూడొందల గ్రాములు పైన బరువుంటాయి. అంటే మన టిఫిన్ డబ్బాలో అన్నం కన్నా తక్కువ. రష్యా, కజకిస్తాన్ వైపు చలికి నీళ్ళు గడ్డ కడితే తిండి దొరకదు, అందుకని ఇంత దూరం ఎగిరి వస్తాయి. ఇంకో రకం బాతుకి ముక్కు చివర వెడల్పుగా ఉంది. నేను చూడగానే "ఇది తాపీ పట్టుకొచ్చింది రా" అన్నాను. నిజంగా మేస్త్రీ తాపీలాగే ఉంటుంది. ఆ ముక్కు అంచుల్లో దువ్వెన పళ్ళ లాంటివి ఉంటాయట. నీళ్ళు లోపలికి తీసుకుని, పక్కల నుంచి వదిలేసి, అందులో పురుగూ గింజా మాత్రం ఆపుకుంటుంది. మనం ఇసక జల్లెడ పట్టినట్టే. మంచులో మేము విన్న చప్పుడు అదే. నాలుగైదు కలిసి గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు కలియబెడతాయి, ఒకటి లేపిన మేత వెనకున్నదానికి దొరుకుతుంది.

ఎర్ర కాళ్ళ పక్షులు కొన్ని, సన్నగా 8 ఎంఎం రాడ్డుకి రంగేసినట్టు కాళ్ళు, బురదలో ఏరుకుంటున్నాయి. నుదుట తెల్ల మచ్చతో నల్ల బొల్లికోళ్ళు. దూరంగా రాజహంసలు తల కిందులు చేసి మేస్తున్నాయి. వాటికి ఆ గులాబీ రంగు తిండి వల్లే వస్తుందట. ఉప్పు నీళ్ళలో ఆర్టీమియా అనే చిన్న రొయ్య ఉంటుంది, అది తింటాయి. కోస్తాలో రొయ్య పిల్లల హేచరీల్లో పని చేసిన తమ్ముళ్ళకి ఆర్టీమియా డబ్బాలు బాగా తెలుసు. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి, రంగు రావడానికి ఏళ్ళు పడుతుంది.

మా వాడు ఆయన్ని ఒక మాట అడిగాడు. "మా తేలినీలాపురం కొంగలు కూడా సైబీరియా నుంచి వస్తాయి కదా సార్?" మేమందరం చిన్నప్పటి నుంచి అదే విన్నాం. ఆయన కాదన్నాడు. ఆ ఎర్రకాళ్ళ కొంగలూ గూడబాతులూ మన దేశపు పక్షులే. గూళ్ళు పెట్టి పిల్లల్ని చెయ్యడానికి మా ఊరి చెట్ల మీదికి వస్తాయి. ఈ బాతులు వేరు. ఇవి ఇక్కడికి తిండికే వస్తాయి. గూడు, పిల్లలు అన్నీ ఉత్తరాన. చలి తగ్గాక వెళ్ళిపోతాయి.

అది విని వాడు చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత నాతో తెలుగులో చెప్పాడు. "మా నాన్నకి అది తెలుసు చిన్నానా. కొంగలు పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు, రాయి తీస్తే సెయ్యి ఇరిచేస్తాననేవోడు. తిత్లీ తుపానప్పుడు మా ఇంటి రేకులెగిరిపోనాయి. తెల్లారాక మా నాన్న రేకులు ఎతకలేదు. ముందు తంపర కాడికెళ్ళి పిట్టలు ఉన్నాయో లేవో సూసొచ్చినాడు. మా అమ్మ ఎంత తిట్టిందో."

వాడు నవ్వాడు. నవ్వుతూనే ఏడుపొచ్చింది.

అప్పుడే ఒక గద్ద వచ్చింది. రెల్లు మీదుగా తక్కువ ఎత్తులో, రెక్కలు కొంచెం పైకెత్తి తేలుతూ వచ్చింది. ఒక్కసారిగా చెరువు మీదున్న బాతులన్నీ లేచాయి. తెల్లటి మంచులో వందల రెక్కలు, ఆ చప్పుడు బస్తాల సిమెంటు లారీ నుంచి దింపినట్టు గుండెకి తగిలింది. గద్ద దాటిపోయింది. బాతులు రెండు చుట్లు తిరిగి, మళ్ళీ వచ్చి అదే నీళ్ళలో వాలాయి. వాలిన మరుక్షణం మేత మొదలుపెట్టాయి. కొన్ని మాత్రం తల ఎత్తి కాపలా చూశాయి.

వాడు కూర్చుండిపోయాడు. ఎలక్ట్రీషియన్ తెలివైనవాడు, మలయాళీ ఆయన్ని మాటల్లో పెట్టి పక్కకి తీసుకెళ్ళాడు. నేను వాడి పక్కన కూర్చున్నాను.

"కార్తీకంలో మా ఊళ్ళో ఇలాగే మంచు చిన్నానా. నాన్న చీకటితోనే మడుల కాడికి ఎల్లిపోయేవోడు. సద్ది పట్టుకుని నాను ఎనకాల ఎల్లేవోణ్ణి. మనిషి కనపడడు. దగ్గు వినపడేది. ఆ దగ్గు పట్టుకుని ఎల్లిపోయేవోణ్ణి." కొంచెం ఆగి అన్నాడు. "ఫోన్లో బొమ్మ ఆగిపోనాది కదా. నానేటీ సూడలేదు. నాకు నాన్న ఇంకా మంచులోనే ఉన్నట్టుంది. దగ్గు కోసం ఇంటన్నాను. ఆ రోజు పైన కూడా అదే ఇంటన్నాను."

నాకు నోట మాట రాలేదు. ఎనిమిదో అంతస్తు అంచున కొక్కెం లేకుండా నిలబడి వాడు వింటున్నది అది.

తర్వాత నేను చెప్పాల్సింది చెప్పాను. "మీటింగులో నేనన్న మాట తప్పు రా. ఇంకోటి కూడా అబద్ధం చెప్పాను. మా నాన్న పోయినప్పుడు నేను వెళ్ళలేదన్నది నిజమే. కానీ పని చూసుకున్నానన్నది నిజం కాదు." అది 2011. ఆ నెలలో ఒక సెంట్రింగు కింద జాకీలు సరి చూడకుండానే చూశానని సంతకం పెట్టాను. కాంక్రీటు పోస్తుంటే స్లాబు ఒక మూల దిగింది. కింద అప్పుడు ఎవరూ లేరు కాబట్టి బతికాం. అప్పటికి పావుగంట ముందు నలుగురు అక్కడే కూర్చుని నీళ్ళు తాగారు. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఆ చెరువు గట్టు మీద వాడికి చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

వాడేమీ అనలేదు. నా మోకాలి మీద చెయ్యి వేశాడు. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు.

తొమ్మిదిన్నరకి ఎండ పొడిచింది, మంచు పోయింది. చూస్తే అది అంత పెద్ద చెరువు కూడా కాదు. దూరంగా కరెంటు టవర్లు, రోడ్డు మీద లారీలు, అన్నీ కనపడ్డాయి. వచ్చేటప్పుడు ముసఫ్ఫాలో మనవాళ్ళ హోటల్లో ఆగాం. వాడు రెండు ప్లేట్ల ఇడ్లీ తిని, ఇంకో దోసె చెప్పాడు. ఆ బిల్లు కట్టినంత సంతోషంగా నేను ఈ మధ్య ఏ బిల్లూ కట్టలేదు.

సోమవారం నేను ఆఫీసుకి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. కొక్కెం సంగతి దాచలేదు. దాచితే 2011లో పెట్టిన సంతకం లాంటిదే ఇంకోటి పెట్టినట్టవుతుంది. ఆరు నెలలు నిండేదాకా యార్డులోనే ఉంచండి, నిండగానే సెలవివ్వండి, తిరిగొచ్చే పూచీ నాది అని అడిగాను. ఇంజనీరు చాలాసేపు ఆలోచించాడు. ఆయన తండ్రి కూడా వాళ్ళ దేశంలో మంచాన పడి ఉన్నాడని అప్పుడే తెలిసింది. యార్డుకి అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు. సెలవు కాగితం మీద మొన్న సంతకమైంది, జీతం లేని సెలవు 15 రోజులు. టికెట్టు డబ్బు గ్యాంగులో అందరం వేసుకున్నాం. వాడు నెలనెలా తీరుస్తానన్నాడు, తీరుస్తాడు.

తమ్ముళ్ళూ, మీ రూములో ఎవడన్నా మాట్లాడడం మానేస్తే, వాడికి నాలా నీతులు చెప్పకండి. నాలుగు గోడల నుంచి బయటికి తీసుకెళ్ళండి. అబుదాబి వాళ్ళకి అల్ వత్బా ఉంది, దుబాయ్ వాళ్ళకి రాస్ అల్ ఖోర్ ఉంది. తెరిచి ఉండే రోజులు ముందే కనుక్కోండి, మంచుంటే కారు మెల్లగా నడపండి, అక్కడ గట్టిగా పాటలు పెట్టకండి. పక్కన కూర్చోండి. వాళ్ళ నాన్న ఏం పని చేసేవాడో అడగండి.

వాడు సంక్రాంతికి ఊళ్ళో ఉంటాడు. మా వైపు అది పెద్దల పండగ కూడా. పోయినవాళ్ళకి కొత్త బట్టలు పెట్టి దణ్ణం పెట్టుకుంటాం. నిన్న రాత్రి వాడు ముసఫ్ఫా బజారుకెళ్ళి వాళ్ళ నాన్నకి ఒక తెల్ల పంచె, ఒక తువ్వాలు కొని తెచ్చాడు. పంచె మన దగ్గర చవక కదరా, ఇక్కడెందుకు కొన్నావని అడిగాను. "నా సంపాదనతో ఒక్కటీ కొనలేదు చిన్నానా" అన్నాడు.

పెట్టె సర్దుతూ ఇంకో మాట అడిగాడు. సంక్రాంతికి తంపరలో పరజలుంటాయా అని. ఉంటాయి రా, చలి తగ్గేదాకా ఎక్కడికీ పోవు అని చెప్పాను.